వెండి విగ్రహం పోయింది, పీఠం మిగిలింది: యుడోక్సియా మహారాణి గౌరవ శాసనంపై కేస్ స్టడీ

ఇస్తాంబుల్‌లో హేగియా సోఫియా తోటలో ఒక పాలరాతి పీఠం ఉంది. క్రీ.శ. 403లో, ఈ నగరం కాన్‌స్టాంటినోపుల్‌గా ఉన్న రోజుల్లో, ఈ పీఠం మీద పోర్ఫిరీ (ఊదారంగు గట్టి రాయి) స్తంభం, దాని మీద ఏలియా యుడోక్సియా వెండి విగ్రహం ఉండేవి. ఆమె తూర్పు రోమన్ చక్రవర్తి అర్కాడియస్ భార్య. వెండి విగ్రహం జాడ లేదు. పీఠం మాత్రం 19వ శతాబ్ది మధ్యలో, హేగియా సోఫియాకు దక్షిణంగా కట్టడం పనులకు తవ్వుతుంటే బయటపడింది. ఒక ముఖం మీద లాటిన్ వచనం, మరో ముఖం మీద గ్రీకు పద్యం. లాటిన్ శాసనాల మహాసంపుటి అయిన కార్పుస్ ఇన్‌స్క్రిప్తియోనుమ్ లతినారుమ్ మూడో సంపుటంలో ఇది 736వ శాసనం.

ఈ రాయి గురించి చదివిన వాళ్లలో ఎక్కువమందికి ముందు తెలిసేది ఒక తగాదా. నగర బిషప్ జాన్ క్రిసోస్తమ్‌కీ మహారాణికీ మధ్య జరిగిన గొడవ, చివరికి ఆయన దేశాంతరవాసం. ఆ కథ నిజంగానే జరిగింది. కానీ కథను ముందు పెట్టుకుని రాయిని చదివితే, రాతి మీద ఉన్నది కాస్తా కథకు ఉదాహరణగా మిగిలిపోతుంది. అందుకే ఇక్కడ క్రమం మార్చాం. ముందు అక్షరాలు, తరువాత వ్యాకరణం, తరువాత సాటి శాసనాలు, తేదీ. గొడవ అన్నిటికన్నా ఆఖరున. ఇలా చదివితే కథలో ఎక్కడా లేని సంగతి ఒకటి తేలుతుంది: చక్రవర్తుల ఇంటి ఆడవాళ్ల శాసనాల్లో సాధారణంగా బరువంతా మోసే బంధుత్వం ఈ రాతి మీద అసలే లేదు.

లాటిన్ ముఖం

లాటిన్ పాఠం మొత్తం ఒకే వాక్యం. పొడి అక్షరాలు విప్పి చదివితే ఇలా ఉంటుంది: దొమినే నోస్త్రే ఏలియే యుదోక్సియే సెంపెర్ ఆగుస్తే, విర్ క్లారిస్సిముస్ సింప్లికియుస్ ప్రేఫెక్తుస్ ఉర్బిస్ దెదికావిత్. అంటే, "మా స్వామిని, సదా ఆగుస్తా అయిన ఏలియా యుడోక్సియాకు, క్లారిస్సిముస్ హోదా గల నగర ప్రిఫెక్ట్ సింప్లికియస్ అంకితం చేశాడు."

రాతి మీద చాలా మాటలు కుదించి ఉన్నాయి. "డి ఎన్" అంటే మా స్వామిని, "వి సి" అంటే సెనేటర్ వర్గానికి ఉండే క్లారిస్సిముస్ బిరుదు, "ప్రేఫ్ ఉర్బ్" అంటే నగర ప్రిఫెక్ట్, రాజధాని పాలన చూసే అధికారి. ఈ కాలపు శాసనాలు కొత్తగా చదివేవాళ్లు తరచూ పడే గుంట "డి ఎన్". మగ చక్రవర్తికీ అదే కుదింపు, మహారాణికీ అదే. "ఆగ్" అని సగంలో ఆపిన బిరుదు కూడా అంతే, ఆగుస్తుస్ (చక్రవర్తి) అనో ఆగుస్తా (మహారాణి) అనో లింగం చెప్పదు. ముక్కలైన రాయి మీద "డి ఎన్ ... సెంపెర్ ఆగ్" మాత్రమే మిగిలితే, అది ఎవరిదో పేరు చివరి విభక్తి దొరికితేనే తేల్చాలి. ఆడపేరుకు చివర "ఎ", "ఇ" అన్న రెండు లాటిన్ అక్షరాలు, మగపేరుకు ఎక్కువగా "ఓ". అవి కూడా విరిగిపోతే, చుట్టుపక్కల మగవాళ్ల శాసనాలే ఎక్కువ దొరికాయి కదా అని ఆ ముక్కనూ మగవాళ్ల ఖాతాలో వేసేయకూడదు. లింగం తెలియదని రాయడమే సరైన రికార్డు. యుడోక్సియా రాయి విషయంలో ఆ చిక్కు లేదు. పేరు, ఆగుస్తా బిరుదు రెండూ విభక్తితో సహా పూర్తిగా ఉన్నాయి.

విభక్తులే ఎవరు ఎవరికి చేశారో చెబుతాయి. గౌరవం పొందినావిడ చతుర్థిలో, ఇచ్చినవాడు ప్రథమలో. క్రియ "దెదికావిత్", అంకితం చేశాడు. దీన్ని "తన డబ్బుతో చేయించాడు" అని చదవకూడదు. సొంత ఖర్చు అయితే ఆ సంగతి విడిగా చెక్కించుకోవడం రోమన్ల అలవాటు, ఇక్కడ ఆ మాట లేదు. 398లో అర్కాడియస్, హొనోరియస్ పేర్ల మీద వచ్చిన చట్టం ఒకటుంది. పదవిలో ఉన్న అధికారి చక్రవర్తి అనుమతి లేకుండా తనకు కంచు, వెండి, పాలరాతి విగ్రహాలు పెట్టించుకుంటే, పుచ్చుకున్నదానికి నాలుగింతలు కట్టాలని దాని సారాంశం. అది అధికారులు తమకు తాము పెట్టించుకునే విగ్రహాల సంగతే అయినా, విగ్రహాల మీద, వాటి లోహం మీద కొలువు ఎంత కన్నేసి ఉంచేదో అందులో కనిపిస్తుంది. చక్రవర్తి భార్య వెండి విగ్రహం రాజధాని నడిబొడ్డున లేవడమంటే రాజాజ్ఞ ఉండి తీరాలి. ప్రిఫెక్ట్ తన పేరు వేసుకోగలిగాడంటే ఆ పని తన చేతుల మీదుగా జరిగిందనే అర్థం. అంతకన్నా ఎక్కువ చెప్పడానికి ఆధారం లేదు.

గ్రీకు ముఖం

ఇది నాలుగు పంక్తుల హెక్సామీటర్, హోమర్ ఇతిహాసాల ఛందస్సు. అర్థం ఇలా:

"ఊదారంగు స్తంభాన్నీ వెండి మహారాణినీ చూడు,
ఏలికలు నగరానికి న్యాయం తీర్చే చోట.
పేరు కావాలా? యుడోక్సియా. నిలిపిందెవరు?
మహా కాన్సుల్‌ల వంశంవాడు, ఉత్తముడైన ప్రిఫెక్ట్ సింప్లికియస్."

మొదటి పంక్తిని దగ్గర పెట్టుకుని చూద్దాం: "కియోన పోర్ఫ్యురేఎన్ కై అర్గ్యురేఎన్ బసిలేయాన్". స్తంభం, దాని రంగు. తరువాత వెండి, మహారాణి. రెండు విశేషణాలూ రాయినీ లోహాన్నీ చెప్పేవే. గ్రీకు గౌరవ శాసనాల్లో గౌరవం పొందినవారి పేరు ద్వితీయా విభక్తిలో పెట్టడం పాత ఆచారం, "ఫలానా వారిని నగరం గౌరవించింది" అన్న ధోరణిలో. ఈ పద్యంలో ద్వితీయ అలాగే ఉంది గానీ క్రియ మారింది. "గౌరవించింది" ఉండాల్సిన చోట, గ్రీకు మూలంలో రెండో పంక్తి మొదట్లో "చూడు" అన్న ఆజ్ఞ వచ్చింది. ఆచారం ఆశించే విభక్తినే వాడుకుని, దారినపోయేవాడి తల పైకెత్తించాడు కవి. స్తంభం ముందు వచ్చి, మహారాణి తరువాత రావడం కూడా చూపు కింది నుంచి పైకి వెళ్లే క్రమమే. మంచి పనితనం.

మూడో పంక్తి ప్రశ్న, జవాబు. పేరు ఇక్కడిదాకా రాదు. స్తంభం ఎత్తుగా ఉంటే కింద నిలబడ్డవాడికి ముఖం ఆనవాలు పట్టడం కష్టం. ఆ పరిస్థితికి సరిపోయిన రచన ఇది. నాలుగో పంక్తి మొత్తం సింప్లికియస్‌దే: వంశం, గుణం, పదవి. మహారాణికి దక్కిన విశేషణం వెండి ఒక్కటే, సింప్లికియస్‌కు మాత్రం వంశగౌరవం కూడా దక్కింది. ఇచ్చినవాడి గొప్ప కోసం కూడా గౌరవ శాసనాలు వేస్తారని మరచిపోకూడదు.

రెండు ముఖాలనూ పక్కపక్కన పెడితే ఒకటి మరోదానికి అనువాదం కాదని తెలుస్తుంది. బిరుదులు, హోదా, పదవి పేరు అధికారిక రూపంలో లాటిన్‌లో ఉన్నాయి. స్తంభం, వెండి, చోటు గ్రీకులో ఉన్నాయి. "సదా ఆగుస్తా" గ్రీకులో లేదు, "వెండి" లాటిన్‌లో లేదు. మన కాకతీయుల కాలపు శాసనాల్లో వంశప్రశస్తి సంస్కృత శ్లోకాల్లో, దాన వివరాలు తెలుగు వచనంలో సాగే పద్ధతి ఎరిగినవాళ్లకు ఈ పని పంపకం కొత్తగా అనిపించదు. పని మీద దీని ప్రభావం ఏమిటంటే, ఇలాంటి ద్విభాషా శాసనంలో ఒక భాష దెబ్బతింటే రెండో భాష నుంచి పూరించడం కుదరదు. అలా పూరించిన పాఠాలు అచ్చయ్యాక తరువాతివాళ్లు వాటినే రాతి పాఠంగా ఎత్తి రాసుకుంటారు.

రావలసిన మాటలు రాలేదు

ఇప్పుడు అసలు పోలిక. నేపుల్స్‌లో కాన్‌స్టాంటైన్ తల్లి హెలెనాకు నగరసభా, ప్రజలూ కలిసి పెట్టిన పీఠశాసనం (అదే మహాసంపుటి, పదో సంపుటం, 1483) చూడండి. మిక్కిలి ధర్మనిష్ఠ, కరుణ గల మా స్వామిని ఆగుస్తా హెలెనాకు అని మొదలై, మా ప్రభువు కాన్‌స్టాంటైన్ తల్లికి, క్రిస్పస్, కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్ అనే సీజర్ల (చక్రవర్తి కింది పాలకుల) నాయనమ్మకు, దివ్యుడైన కాన్‌స్టాంటియస్ (చక్రవర్తి తండ్రి) భార్యకు అని సాగుతుంది. తల్లి, నాయనమ్మ, భార్య. మూడు తరాల మగవాళ్లు ఆమె చుట్టూ పేర్చి ఉన్నారు. ఆమె గౌరవానికి కారణం ఆ వరసలే.

ఈ వరసలే తేదీకి కూడా పనికొస్తాయి. మనవడు కాన్‌స్టాంటియస్ సీజర్ అయింది 324 నవంబర్ 8న. క్రిస్పస్‌ను తండ్రి చంపించింది 326లో. ముగ్గురూ సీజర్లుగా ఉన్న పాఠం ఆ మధ్యలోనే చెక్కి ఉండాలి. ఆ పైన క్రిస్పస్ పేరు చెక్కివేతకు గురైంది, అంటే దాన్ని ఉలితో చెరిపేశారు, అది 326 తరువాతి పని. అంటే ఒకే రాయిలో రెండు తేదీలు. రోమ్‌లో హెలెనాకు కోమెస్ (చక్రవర్తి కొలువులో ఒక హోదా) జూలియస్ మాక్సిమిలియానస్ పెట్టిన శాసనంలో (ఆరో సంపుటం, 1134) మనవళ్లు ఇద్దరే, కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్. అక్కడ చెక్కివేత లేదు, క్రిస్పస్‌ను మొదటే వదిలేశారు. కాబట్టి అది 326 తరువాతిది. అదే ఏడు ప్రాణం పోగొట్టుకున్న కాన్‌స్టాంటైన్ భార్య ఫౌస్తా పేరును కూడా సొరెంటోలోని ఆమె పీఠం మీద చెక్కేశారు. బంధుత్వం మీద నిలబెట్టిన గౌరవం ఆ ఇంట్లో ఒకరు పడిపోతే వెంటనే కదిలిపోతుంది.

యుడోక్సియా పీఠం దగ్గరికి మళ్లీ వద్దాం. 403 నాటికి ఆమె బతికున్న చక్రవర్తి భార్య. అంతకన్నా ముఖ్యం, 401 ఏప్రిల్ 10న పుట్టిన కొడుకు థియోడోసియస్ 402 జనవరి 10నే ఆగుస్తుస్ అయ్యాడు. 403లో, ఏడాదికి ఇద్దరికి దక్కే కాన్సుల్ పదవి కూడా ఆ పసివాడిదే, తోటి కాన్సుల్ రుమోరిదస్. నేపుల్స్ పద్ధతిలో రాసి ఉంటే "అర్కాడియస్ భార్యకు, థియోడోసియస్ తల్లికి" అన్నది చేతికందే దూరంలో ఉంది. రాతిలో చోటుకు కరువు లేదు, రెండో ముఖం నిండా పద్యమే పట్టింది. అయినా లాటిన్‌లో గానీ గ్రీకులో గానీ భర్త పేరు లేదు, కొడుకు పేరు లేదు. పేరు, తరువాత "సదా ఆగుస్తా". ఇది మగ చక్రవర్తుల పీఠాల మీద కనిపించే వాక్యమే, లింగం ఒక్కటే మారింది.

లేని మాట మీద వాదం కట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. నాలుగో శతాబ్ది చివరికి తూర్పున శాసనాల వాక్యాలే పొట్టిగా మారాయి, మగవాళ్లకూ వంశావళి తగ్గింది అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే, అయినా మా వాదం నిలుస్తుంది. పొట్టి వాక్యమే ఆనాటి చక్రవర్తుల వాక్యమైతే, దాన్ని యథాతథంగా ఆమెకు వాడడమే ఇక్కడి విశేషం. నాణేలూ అదే చెబుతాయి. 400 జనవరి 9న ఆగుస్తా అయ్యాక యుడోక్సియా నాణేల మీద పైనుంచి దేవుడి చెయ్యి దిగి ఆమె తలకు కిరీటం పెడుతుంది. ఆమె పేరు ముందున్న "ఏలియా" కూడా పుట్టింటిది కాదు. ఆమె ఫ్రాంక్ జాతి సేనాని బౌతో కూతురు. ఏలియా అన్నది అత్తగారు, అంటే థియోడోసియస్ I భార్య ఏలియా ఫ్లాకిల్లా నుంచి వచ్చి, తూర్పు మహారాణులకు బిరుదులా స్థిరపడిన పేరు. రాతి మీద ఆమెను రాజకుటుంబానికి కట్టిన ముడి ఏదైనా ఉందంటే అది ఈ మూడక్షరాల కుదింపు ఒక్కటే.

అప్పటివాళ్లకు ఇది కొత్తగా తోచిందనడానికి సాక్ష్యం ఉంది. పడమటి చక్రవర్తి హొనోరియస్ 404లో అన్న అర్కాడియస్‌కు రాసిన లేఖ కొల్లెక్తియో అవెల్లానా అనే చక్రవర్తుల, పోపుల లేఖల సంకలనంలో 38వది. ఒక స్త్రీ ప్రతిమను రాష్ట్రాలన్నిటా తిప్పడం మునుపెన్నడూ లేని పద్ధతి అని అందులో తప్పుపడతాడు. ఆయన అన్నది ఈ విగ్రహం గురించి కాదు, ఊరూరా పంపిన చిత్రాల గురించి. ఈ రెండిటినీ కలిపి రాసేసే పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. కలపకుండా పక్కపక్కన ఉంచితేనే సాక్ష్యానికి బలం.

రాతి దగ్గర పని

ఇలాంటి పీఠాన్ని కొత్తగా నమోదు చేయాలంటే పని క్రమం ఇది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము తీయాలి. తీగ బ్రష్షు, ఆసిడ్, అక్షరాల్లో సుద్ద పూయడం, ఈ మూడూ పాలరాతిని పాడుచేస్తాయి. అన్ని ముఖాలూ, పైభాగం సహా, కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. తరువాత వాలు వెలుతురు: దీపం రాతి ముఖానికి దాదాపు సమాంతరంగా పెట్టి ఎడమ, కుడి, పై, కింద నాలుగు వైపుల నుంచీ విడిగా తీయాలి. ఒకవైపు వెలుతురుతోనే తీస్తే, దానికి సమాంతరంగా ఉన్న గీతలు మాయమవుతాయి. అడ్డగీత కనిపించక ఒక అక్షరం మరో అక్షరంగా చదవడం ఇలాగే జరుగుతుంది.

అచ్చు తీయడానికి యూరప్ పద్ధతికీ మన ఎస్టాంపేజీకీ తేడా ఉంది. మనం తడి కాగితాన్ని రాతికి కొట్టి, పైన సిరా బుడ్డతో అద్దుతాం. నల్లటి నేలలో తెల్లటి అక్షరాలు వస్తాయి. వాళ్ల స్క్వీజ్‌కు సిరా ఉండదు. జిగురు కలపని మందపాటి వడపోత కాగితాన్ని తడిపి పైనుంచి కిందికి పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్షుతో మధ్య నుంచి అంచుల వైపు కొట్టి, రాతి మీదే ఆరనిచ్చి ఒలుస్తారు. కాగితంలో అక్షరాలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. రాతికి ఆనిన వెనక వైపు నుంచి చదువుతారు కాబట్టి అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. ఎండ ఎక్కువైతే అంచులు ముందు ఆరి లేచిపోయి, మధ్యలో అక్షరం అలుక్కుపోతుంది. నున్నటి పాలరాతి మీద గాలికి కాగితం జారుతుంది. ఒలిచే ముందే పెన్సిల్‌తో పైభాగం ఏదో, ఏ ముఖమో, తేదీ రాసుకోవాలి. ద్విభాషా పీఠాల్లో ముఖాలు తారుమారైతే తరువాత సరిదిద్దడం కష్టం. ఇప్పుడు చాలా మ్యూజియాలు రాతిని తడపనివ్వవు. అలాంటప్పుడు ఫోటోగ్రామెట్రీ, అంటే చాలా ఫోటోలు కలిపి రాతి త్రిమితీయ నమూనా కట్టడం: ప్రతి ఫోటో పక్క ఫోటోతో మూడింట రెండు వంతులు కలిసేలా, మూలల చుట్టూ దగ్గరదగ్గరగా తీయాలి. మూలల దగ్గర తక్కువ తీస్తే ముఖాలు ఒకదానికొకటి అతకవు.

చెక్కివేత ఉందేమో చూడటం మహారాణుల పీఠాల్లో తప్పనిసరి. చెక్కేసిన చోట ముఖం చుట్టుపక్కలకన్నా కొంచెం లోతుగా, ఉలి గుర్తులతో గరుకుగా ఉంటుంది. వాలు వెలుతురులో లోతైన నిలువుగీతల అడుగుభాగాలు ఒక్కోసారి తేలుతాయి, పాత పేరు వాటి నుంచే పట్టాలి. యుడోక్సియా పేరు మీద ఉలి పడలేదు. ఆమె 404 అక్టోబర్ 6న మహారాణిగానే చనిపోయింది.

పైభాగం కూడా చూడమన్నది ఎందుకంటే, విగ్రహం నేరుగా పీఠం మీద నిలబడి ఉంటే పాదాల గుంటలు దాని భంగిమను, లోహమా రాయా అన్నదాన్ని చెబుతాయి. ఈ కేసులో పీఠానికీ విగ్రహానికీ మధ్య స్తంభం ఉంది. కాబట్టి విగ్రహం ఎలా నిలబడిందో ఈ పీఠం చెప్పలేదు. గ్రీకు పద్యమే లేకపోతే అది వెండిదన్న సంగతి కూడా రాతి నుంచి తెలిసేది కాదు.

పాఠం అచ్చులో ఇచ్చేటప్పుడు పండితులు ఒప్పుకున్న 1931 నాటి లైడెన్ గుర్తులు పాటించాలి. కుదింపును విప్పిన అక్షరాలు గుండ్రటి బ్రాకెట్లలో, పగిలిపోయి మనం పూరించినవి చదరపు బ్రాకెట్లలో, చెక్కివేసినవి జంట చదరపు బ్రాకెట్లలో, అనుమానమున్న అక్షరం కింద చుక్క. గుండ్రటిదీ చదరపుదీ కలగలిపితే, రాతిపని చేసినవాడు వదిలేసినదేదో కాలం తినేసినదేదో చదివేవాడికి తెలియదు.

తేదీ, సాక్షులు

రాతి మీద తేదీ లేదు. రాయి ఒక్కదాన్నే ఆధారం చేసుకుంటే ఆగుస్తా బిరుదు వచ్చిన 400 జనవరి 9 నుంచి మరణం దాకా, నాలుగేళ్ల పైచిలుకు. సింప్లికియస్ నగర ప్రిఫెక్ట్‌గా ఉన్న 403 దాన్ని బిగిస్తుంది. ఆరో శతాబ్దిలో మార్సెలినస్ కోమెస్ తన వార్షిక చరిత్రలో 403 కింద, చర్చి (ఆనాటి హేగియా సోఫియా) పక్కన పోర్ఫిరీ స్తంభం మీద యుడోక్సియా వెండి విగ్రహం నిలిపారనీ, అది ఇప్పటికీ ఉందనీ రాశాడు. అంటే నూరేళ్ల తరువాత కూడా ఎవరూ దాన్ని దించలేదు.

చోటు విషయంలో ఐదో శతాబ్ది చర్చి చరిత్రకారులు సోక్రటీస్, సోజొమెన్ ఇద్దరూ పనికొస్తారు. విగ్రహానికీ చర్చికీ మధ్య వెడల్పాటి వీధి ఒక్కటే అడ్డమని సోక్రటీస్ అంటాడు. చర్చికి దక్షిణాన, సెనేట్ సభాభవనం ఎదురుగా, ఎత్తయిన వేదిక మీద అని సోజొమెన్ అంటాడు. పద్యంలోని "ఏలికలు న్యాయం తీర్చే చోట" సోజొమెన్ మాటకు చక్కగా ఒదుగుతుంది, పీఠం దొరికిన చోటు కూడా దానికే సాక్ష్యం. పద్యం చర్చి ఊసెత్తదు. సింప్లికియస్ దృష్టిలో అది సెనేట్ ముందరి చోటు, చరిత్రకారుల దృష్టిలో చర్చి ముందరి చోటు. విగ్రహ ప్రతిష్ఠ వేడుకల చప్పట్లు, నాట్యాలు, మూకాభినయాలు ప్రార్థనలకు అడ్డమయ్యాయని క్రిసోస్తమ్ కోప్పడ్డాడు. ఆ తరువాత వ్యవహారం ముదిరి 404 జూన్ 20న ఆయన నగరం విడిచి వెళ్లాల్సి వచ్చింది. "మళ్లీ హెరోదియ (బైబిల్లో బాప్తిస్మమిచ్చు యోహాను తల కోరించిన రాణి) రంకెలేస్తోంది" అన్న మొదలుతో ఆయన మహారాణిని దుయ్యబట్టాడని చరిత్రకారులు చెబుతారు. ఆ మొదలుతోనే ఒక ప్రసంగం రాతప్రతుల్లో దొరుకుతుంది గానీ అది ఆయనది కాదని పండితుల నిర్ణయం. కాబట్టి దాన్నుంచి వాక్యాలు ఎత్తి ఈ పీఠం కథకు అతికించవద్దు.

చివరిగా పేర్ల చిక్కు. డేటాబేసుల్లో వెతికేటప్పుడు ముగ్గురు కలిసిపోతారు. ఏలియా యుడోక్సియా ఈవిడ. ఏలియా యుడోకియా ఈమె కోడలు, థియోడోసియస్ II భార్య, 423లో ఆగుస్తా. లిసినియా యుడోక్సియా ఆ కోడలి కూతురు, పడమటి చక్రవర్తి వాలెంటీనియన్ III భార్య, 439లో ఆగుస్తా. అత్తకూ కోడలికీ మధ్య తేడా లాటిన్‌లో "ఎక్స్", "సి" అన్న ఒక్క అక్షరమే, అదే అక్షరం పగిలిన ముక్కల్లో పోతుంటుంది. శోధన పెట్టేటప్పుడు రెండు వర్ణక్రమాలూ ఇవ్వాలి. వచ్చిన ప్రతి ఫలితాన్నీ దానం చేసిన అధికారి పదవీకాలంతో సరిచూశాకే ఎవరి ఖాతాలో వేయాలో నిర్ణయించాలి.